అరగని బ్లేడు

మా శాఖలో ఇకమీదట ఏ వస్తువూ అరగకూడదని హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'శూన్య అరుగుదల ఉద్యమం'. మా డైరెక్టరు గారు ఏదో దేశానికి పది రోజుల శిక్షణకు వెళ్లి, అక్కడొక కార్ఖానా గోడ మీద రాసివున్న నినాదం చూసి కదిలిపోయారట. ఆ నినాదం దేని గురించో అడిగి తెలుసుకునే తీరిక మాత్రం వారికి దొరకలేదు. విమానం దిగీ దిగగానే ఉత్తర్వు వేశారు. స్టోర్సు నుంచి బయటికి వెళ్లిన ప్రతి వస్తువూ వెళ్లేటప్పుడు ఎలా ఉందో తిరిగొచ్చేటప్పుడూ అలాగే ఉండాలి. అంగుళం అరిగినా, చిటికెడు తరిగినా బాధ్యుల పేరు రాసి పంపాలి.

నా పేరు ఓబులేసు. ప్రభుత్వ భవనాల శాఖ, రాళ్లపేట డివిజను, స్టోర్ కీపరుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మచ్చ కూడా లేదు. మచ్చ పడేంత పని నేనెప్పుడూ పెట్టుకోలేదు.

మొదటి నెలలోనే మా డివిజను ఉద్యమంలో ముందుకు దూసుకుపోయింది. చీపుళ్లను మేకులకు తగిలించేశాం. చీపురు అరగకుండా ఊడ్చేదెట్లా అని మా ఆఫీసులో ఊడ్చే ఆమె అడిగితే, ఊడవకపోవడమే అందుకు మార్గమని నేనే విడమరిచి చెప్పాను. టైర్లు అరగకుండా జీపును ఇటుకల మీద నిలబెట్టాం. డ్రైవరు ఠంచనుగా పదింటికి వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, అయిదింటికి దిగిపోయేవాడు. మేం ఇచ్చిన సబ్బులన్నీ కాగితం విప్పకుండానే తిరిగొచ్చాయి. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు విరూపాక్షయ్య గారికి ప్రశంసాపత్రం అందింది. దాన్ని కూడా ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఇలా హాయిగా రోజులు గడుస్తుండగా ఆస్పత్రి గోడ వచ్చి నెత్తిన పడింది.

రాళ్లపేట ఆస్పత్రిలో ఆపరేషన్ గది మేడ మీద ఉంది. రోగుల్ని స్ట్రెచరు మీద నెట్టుకుపోవడానికి మా శాఖ కిందటేడు ఒక ర్యాంపు కట్టింది. ర్యాంపు చక్కగా వంపు తిరిగి పైకి వెళ్లి, ఆరంగుళాల కాంక్రీటు గోడకు తగిలి ఆగిపోతుంది. ప్లానులో అక్కడ తలుపు గీయడం మరిచిపోయారు. ప్లానులో లేని తలుపు పెట్టడం నేరం కనుక కట్టినవాళ్లు పెట్టలేదు. గోడకు అవతల ఆపరేషన్ గది వరండా ఉంది. ఇవతల ర్యాంపు మీద ఆస్పత్రి వాళ్లు దుప్పట్లు ఆరేసుకుంటున్నారు.

నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇరవై నాలుగు మెట్లు మోసుకుపోవాలి. మెట్ల మలుపు ఇరుకు, స్ట్రెచరు తిరగదు. కుర్చీకి ఒక పక్కన వార్డుబాయి, ఇంకో పక్కన ఆయా సుంకులమ్మ. పదకొండు నెలలుగా మోసి మోసి ఆమె నడుం ఒక పక్కకు వంగిపోయింది. ఉద్యమం మొదలయ్యాక విరూపాక్షయ్య గారు మెట్ల అంచులు కూడా కొలిపించి, అరుగుతున్నాయని గుర్తించి, 'ఒక్కొక్కరు రోజుకు ఒక్కసారి మాత్రమే ఎక్కవలెను' అని బోర్డు పెట్టించారు.

"ఒక్కసారే ఎక్కితే మళ్లా దిగేదెట్ల సార్?" అని సుంకులమ్మ అడిగింది.

"దిగడం గురించి ఉత్తర్వులో లేదు" అన్నారు ఆయన.

చివరికి ఆ గోడలో తలుపు మేరకు కోయాలని అనుమతి వచ్చింది. సమ్మెటతో బాదితే పక్కనున్న ఆపరేషన్ గదికి బీటలు పడతాయి గనుక వజ్రపు పళ్ల బ్లేడుతో కోయాలని రాశారు. పని హుసేనప్పకు అప్పజెప్పారు.

హుసేనప్ప గురించి చెప్పాలి. మా రాళ్లపేటలో ప్రతి సందులోనూ రాయి కోసే షెడ్డు ఉంటుంది. ఊళ్లో చంటిబిడ్డలు కూడా ఆ మిషన్ల రొదలోనే నిద్రపోతారు. ఇక్కడ ఏ బ్లేడు దేన్ని కోస్తుందో తెలియని మనిషి ఉండడు, మా ఆఫీసు వాళ్లను మినహాయిస్తే. ఆ ఊళ్లో కూడా షెడ్లవాళ్లు అనుమానం వస్తే వెళ్లి అడిగేది హుసేనప్పనే. ముప్పై ఏళ్లుగా కోత పని. బ్లేడు తిరిగే చప్పుడు విని అది ఏ రాయి మీద ఉందో చెబుతాడు.

పని ఇచ్చిన రోజే ఆయన స్టోర్సుకు వచ్చాడు.

"సార్, బ్లేడు బిరీన తెప్పీండి. ఈ పని నాకు నెల లోపల అయిపోవల్ల."

"ఎందుకంత తొందర?" అన్నాను.

"నా బిడ్డ దస్తగిరమ్మకు ఎనిమిదో నెల. తొలికాన్పు. బీపీ ఎక్కువుండాది, ఆపరేషను చేయల్ల, పండుకోబెట్టే పైకి తీసకరావల్ల అని డాక్టరమ్మ చెప్పింది. కుర్చీలో కూర్చోబెట్టి మోస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమంట. జిల్లా ఆస్పత్రికి పోదామంటే డెబ్బై కిలోమీటర్లు, దోవంతా గుంతలు. ఆ గోడ తెగితే నా బిడ్డ బతుకుతాది సార్. అంతే."

నాకు గుండె కలుక్కుమంది. అయినా స్టోర్ కీపరు గుండెకు బ్లేడు కొనే అధికారం లేదు. విషయం విరూపాక్షయ్య గారికి విన్నవించాను. ఆయన వెంటనే బ్లేడు ఎంపిక కమిటీ వేశారు. అధ్యక్షులు వారే, సభ్యుడు వారే, కార్యదర్శిని నేను. నిపుణుడు ఉండాలని నిబంధన ఉంది కాబట్టి హుసేనప్పను పిలిచాం. అభిప్రాయం చెప్పకూడదని నిబంధన ఉంది కాబట్టి ఆయనను నిలబెట్టాం.

మూడు బ్లేడ్లు తెప్పించాం. ఆస్పత్రి కట్టగా మిగిలిన కాంక్రీటు పలక మీద పరీక్ష పెట్టాం. మా ప్రాంతపు నల్ల కంకరతో పోసిన పలక అది, ఇనుముతో పోటీ పడుతుంది.

మొదటి బ్లేడు అయిదు నిమిషాల్లో పలకను రెండు ముక్కలు చేసింది. విరూపాక్షయ్య గారు కొలిచే పరికరంతో బ్లేడు అంచు కొలిచి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ కొలిచారు.

"అర మిల్లీమీటరు అరిగింది. తిరస్కరించడమైనది" అన్నారు.

రెండోది పది నిమిషాలు తీసుకుంది. పావు మిల్లీమీటరు అరిగింది. "మొదటి దానికంటే క్రమశిక్షణ కలది. అయినా తిరస్కరించడమైనది."

మూడోది అరగంట తిరిగింది. పొగ వచ్చింది, కీచుమని ఊరంతా వినపడింది. పలక మీద మాత్రం గోరుతో గీసినంత గీత పడింది, అంతే. బ్లేడును కొలిస్తే వెంట్రుకవాసి కూడా అరగలేదు.

విరూపాక్షయ్య గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా ఓబులేసూ! ముప్పై నిమిషాల నిరంతర కృషి. అరుగుదల శూన్యం."

అప్పటిదాకా గమ్మున నిలబడిన హుసేనప్ప ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఇది ఇటుక కోసే బ్లేడు. వజ్రాల పొడిని లోహంలో కలిపి బ్లేడుకు పండ్లు చేసింటారు. ఆ లోహం అరిగితేనే లోపలుండే కొత్త రవ్వలు బయటికొచ్చి కోస్తాయి. గట్టి కాంక్రీటుకు మెత్తటి లోహముండే బ్లేడు ఏయల్ల. ఇటుకకు, ఇసుకరాయికి గట్టి లోహముండేది. తిరగమరగ చేస్తే పండ్లు మొద్దుబారిపోయి గోడను రుద్దతాది గానీ కొయ్యదు. అరగని బ్లేడు కొయ్యదు సార్."

"గట్టి గోడకు మెత్తటి బ్లేడా?" అని విరూపాక్షయ్య గారు నా వంక చూసి నవ్వారు. కార్యదర్శిని కదా, నేనూ నవ్వాను. "హుసేనప్పా, నీ అనుభవాన్ని శాఖ గౌరవిస్తుంది. కానీ అనుభవం అనేది ఉత్తర్వుకు లోబడి ఉండాలి. వజ్రం కంటే గట్టిది లేదని అయిదో తరగతి పుస్తకంలోనే ఉంది. అలాంటిది అరిగిందంటే, వాడిన చేతిలో లోపం ఉన్నట్టు."

అంతలో కరెంటు పోయింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ మూడు బ్లేడ్లూ ఒకే తీరున అరగకుండా ఉన్నాయని ఆయన గమనించి, ఆ సంగతి కూడా నివేదికలో రాయించారు. బ్లేడ్లను తిప్పకుండా వాడే అవకాశాలను పరిశీలించవలసిందిగా హెడ్డాఫీసును కోరుతూ ఒక పేరా చేర్చారు. హెడ్డాఫీసు ఆ పేరాను మెచ్చుకుంది.

మూడో బ్లేడు ఎంపికైంది. వేరే ఏ బ్లేడు గోడను తాకినా పని రద్దు చేస్తామని హుసేనప్పకు కాగితం కూడా ఇచ్చారు. మర్నాటి నుంచి గోడ కోత మొదలైంది.

కోత అని నేను అలవాటు కొద్దీ అంటున్నాను. హుసేనప్ప పొద్దున ఎనిమిదింటికి మిషను ఎత్తేవాడు. సాయంత్రం దాకా రుద్దేవాడు. రోజూ సాయంత్రం నేను వెళ్లి బ్లేడు కొలిచి 'అరుగుదల: లేదు' అని రాసుకొచ్చేవాణ్ని. గోడ గురించి రాయడానికి ఫారంలో గడి లేదు. వారం తిరిగేసరికి గోడ మీద తలుపు ఆకారంలో ఒక గీత తయారైంది. లోతు లేదు గానీ మెరుపు ఉంది. సుంకులమ్మ అందులో చూసుకుని బొట్టు దిద్దుకునేది.

"ఇసుకరాయి మీద నాలుగు తూర్లు ఆడిస్తే పండ్లు కొంచెమన్నా తెరుచుకుంటాయి సార్" అన్నాడు హుసేనప్ప ఒకరోజు, చేతులు పిసుక్కుంటూ. బ్లేడు అదురుకు ఆ చేతులు వాచిపోయి ఉన్నాయి.

"ఇసుకరాయి మీద రుద్దితే అరుగుతుందా?"

"అరుగుతాది సార్."

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వేళ్ల మీద రోజులు లెక్కేసుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు యథాప్రకారం వెళ్లి కొలిచాను.

ముప్పై ఒక్క రోజులు అలా గడిచాయి. వజ్రపు బ్లేడు నెల పైగా వాడి కూడా అరగకపోవడం రాష్ట్రంలో ఇదే మొదటిసారని హెడ్డాఫీసు తేల్చింది. ఆ బ్లేడుకు 'ఉత్తమ అరుగుదల రహిత సాధనం' అవార్డు ప్రకటించారు. సన్మానం పనిచేసిన చోటే జరగాలని డైరెక్టరు గారు ముచ్చటపడ్డారు. ర్యాంపు మీద, గోడ ముందర వేదిక కట్టాం. దుప్పట్లు తీయించి పూలదండలు కట్టాం. బ్లేడును కడిగి, పట్టు గుడ్డ పరిచిన పీట మీద పెట్టి, శాలువా కప్పాం. మైకు తీగను గోడ పక్కనున్న ఒకే ఒక్క ప్లగ్గులో పెట్టాం.

పదకొండింటికి డైరెక్టరు గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ బ్లేడు మనందరికీ ఆదర్శం. ఇది ముప్పై ఒక్క రోజులు విధి నిర్వహణలో ఉన్నది. అయినా తన వ్యక్తిత్వంలో ఒక్క మిల్లీమీటరు కోల్పోలేదు. మనలో ఎందరు ఇలా చెప్పుకోగలరు?"

మొదటి వరసలో కూర్చున్నవాళ్లందరూ అలా చెప్పుకోగలమన్నట్టు తలలు ఊపారు. నేను కూడా ఊపాను.

సరిగ్గా అప్పుడే ర్యాంపు కింద స్ట్రెచరు చక్రాల చప్పుడైంది. దాని మీద దస్తగిరమ్మ. ముఖం పాలిపోయింది, పళ్లు బిగపట్టింది. తోస్తున్నది సుంకులమ్మ. పక్కన హుసేనప్ప, భుజాన తన కోత మిషను.

"సార్, లేయండి, దోవ ఇడవండి" అంది సుంకులమ్మ రొప్పుతూ. "డాక్టరమ్మ పైన కాసుకోనుండాది. రెండు గంటల్లో బిడ్డను తియ్యకుంటే తల్లి కూడా దక్కదంట. కుర్చీలో ఎక్కిస్తే దోవలోనే ప్రాణం పోతాదంట."

"కార్యక్రమం జరుగుతున్నది" అన్నారు విరూపాక్షయ్య గారు. "వినతిపత్రం ఉంటే ముగింపులో స్వీకరించబడును."

హుసేనప్ప ఆయన మాట వినిపించుకోలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. ఆయన మిషనుకు అప్పటికే ఒక పాత బ్లేడు బిగించి ఉంది. అది సగం అరిగిపోయిన బ్లేడు.

"ఓబులేసు సారూ, నాకు ప్లగ్గు కావల్ల."

ప్లగ్గు ఒక్కటే. అందులో మైకు ఉంది, మైకులో డైరెక్టరు గారు ఉన్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఏ నిర్ణయమూ అడగలేదు. స్ట్రెచరు మీది అమ్మాయి కళ్లు తెరిచి వాళ్ల నాయన వంక చూసింది. నేను వంగి మైకు తీగ లాగేశాను.

హుసేనప్ప మిషను ఎత్తాడు. వేదిక మీది వాళ్లు లేచి పరుగెత్తారు. పట్టు గుడ్డ పీట బోర్లా పడింది. సుంకులమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే, బ్లేడు వెన్నలోకి దిగినట్టు ఆ గోడలోకి దిగింది. బూడిద రంగు బురద ర్యాంపు వెంట కిందికి పారింది. డైరెక్టరు గారు ప్రసంగం ఆపలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఒక్క మాటా వినపడలేదు. ఆ రోజు వారి ప్రసంగం నాకు బాగా నచ్చింది.

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. గోడను నాలుగు ముక్కలుగా కోసి, మిగిలిన పొరను సుత్తితో మెల్లగా తట్టి, ముక్కల్ని ఊరివాళ్లు చేతులేసి పక్కకు దించారు. స్ట్రెచరు లోపలికి వెళ్లిపోయింది. హుసేనప్ప అక్కడే బురదలో కూలబడ్డాడు. ఆయనతో పాటు నేనూ కూర్చున్నాను.

విరూపాక్షయ్య గారు నెమ్మదిగా వచ్చారు. హుసేనప్ప మిషను తీసుకుని, జేబులోంచి కొలిచే పరికరం తీసి, బ్లేడు అంచు కొలిచారు.

"మూడు మిల్లీమీటర్లు!" అన్నారు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ కొలిచారు.

"అది నా సొంత బ్లేడు సార్" అన్నాడు హుసేనప్ప తలెత్తకుండా.

విరూపాక్షయ్య గారు గోడ వైపు తిరిగి, టేపు తీసి ఖాళీని కొలిచారు. "మరి ఈ గోడ ఎవరిది? శాఖది. ఇందులో ఇరవై ఒక్క చదరపు అడుగులు అరిగింది. ఉద్యమ చరిత్రలోనే ఇంత అరుగుదల నమోదు కాలేదు. ఓబులేసూ, ఫారం తీయి. బాధ్యుల పేరు రాయి."

అప్పుడే లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. హుసేనప్ప రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సుంకులమ్మ పరుగున వచ్చి, "ఆడబిడ్డ, ఇద్దరూ బాగుండారు" అని అరిచి, అంతే వేగంతో లోపలికి వెళ్లింది.

"పేరు రాశావా?" అన్నారు విరూపాక్షయ్య గారు.

రాశాను. 'బాధ్యుడు: ఓబులేసు, స్టోర్ కీపరు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. నా సర్వీసులో ఏం రాయాలో ఎవరూ చెప్పకుండా నేను రాసిన మొదటి వాక్యం అదే. నాకు సిగ్గేమీ వేయలేదు. కడుపు నిండినట్టయింది.

మర్నాటికల్లా నన్ను సస్పెండు చేశారు. అది ఉత్తర్వు ప్రకారమే జరిగింది కనుక నేను వంక పెట్టను. దాంతోపాటు ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. అనుమతి పొందిన బ్లేడుతో కాక వేరే బ్లేడుతో ఏర్పడిన ఆ ఖాళీ చట్టవిరుద్ధం. కాబట్టి గోడను వారం రోజుల్లోగా పూర్వస్థితికి తేవలెను.

ఆ మాట విని హుసేనప్ప మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. సుంకులమ్మ గోడ దగ్గరే చాప పరుచుకుని కూర్చుంది, తనను తవ్వి తీశాకే గోడ కట్టమంది. నేను మాత్రం నింపాదిగా ఉన్నాను. స్టోర్సు నిబంధనలు నాకు తెలిసినంతగా డైరెక్టరు గారికి కూడా తెలియవు.

గోడ కట్టాలంటే సిమెంటు కావాలి. సిమెంటు ఇవ్వాలంటే బస్తా విప్పాలి. విప్పిన బస్తా తిరిగొచ్చేటప్పుడు, వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. నా స్థానంలో వచ్చిన స్టోర్ కీపరు మహా నిక్కచ్చి మనిషి. తాపీ మేస్త్రి వచ్చి నాలుగు బస్తాలు అడిగితే, "సాయంత్రం నాలుగూ నిండుగా తెచ్చిస్తానని రాసివ్వు" అన్నాడు. మేస్త్రి కాసేపు తల గోక్కుని వెళ్లిపోయాడు. సిమెంటు తరగకుండా గోడ కట్టే విధానం కోసం విరూపాక్షయ్య గారు హెడ్డాఫీసుకు రాశారు. హెడ్డాఫీసు అందుకు కమిటీ వేసింది. కమిటీ ఇంకా కూర్చునే ఉంది.

నిన్నటికి నలభై మూడు మంది తల్లులు ఆ దారిన పడుకుని వెళ్లి, బిడ్డల్ని పక్కలో పెట్టుకుని తిరిగొచ్చారు. హుసేనప్ప, నేను సాయంత్రాలు ఆస్పత్రి ముందు టీ తాగుతూ వాళ్లను చూస్తుంటాం. పాతాయన బదిలీ మీద వెళ్లాక వచ్చిన కొత్త డైరెక్టరు గారు శూన్య అరుగుదల ఉద్యమాన్ని ఎత్తేస్తారేమోనని ఈ మధ్య ఊళ్లో ఒక పుకారు పుట్టింది. అలాంటి ప్రమాదం రాకుండా ఉద్యమాన్ని కలకాలం కొనసాగించాలని కోరుతూ మేం మహజరు రాశాం. రాళ్లపేటలో కడుపుతో ఉన్న ఆడవాళ్లందరూ దాని మీద సంతకాలు పెట్టారు.